మొదటి పాము, రెండో పాము, అసలు వద్దనే పాము

పామును పెంచుకోవాలని ఉందని ఎవరైనా నోరు తెరవగానే ముందుగా వాళ్ల ముందు పెట్టేది ఒక పట్టిక. కొత్తవాళ్లకి ఇవి, కాస్త అనుభవం ఉన్నవాళ్లకి ఇవి, ఆరితేరినవాళ్లకి ఇవి అని మూడు గళ్లు. మొదటి గడిలో కార్న్ స్నేక్, బాల్ పైథాన్, కింగ్ స్నేక్ ఉంటాయి. రెండో దాంట్లో బోవాలు, కార్పెట్ పైథాన్లు. మూడో దాంట్లో గ్రీన్ ట్రీ పైథాన్ మొదలుకొని బర్మీస్ పైథాన్, విషప్పాముల దాకా అన్నీ కలగాపులగంగా పడేసి ఉంటాయి. ఈ పట్టిక మొత్తం తప్పని అనను కానీ, దీన్నే నమ్ముకుని పామును తెచ్చుకున్నవాళ్లు తర్వాత పడే అవస్థలు చూస్తున్నకొద్దీ దీనితో నాకు పేచీ పెరుగుతోంది.

ఆ మూడో గడినే చూడండి. గ్రీన్ ట్రీ పైథాన్ విషయంలో మీరు పొరపాటు చేస్తే పాము పోతుంది. విషప్పాము విషయంలో పొరపాటు చేస్తే మీరు పోతారు. బర్మీస్ పైథాన్ విషయంలో పొరపాటేమీ చేయకపోయినా సరే, అది పెరిగి పెరిగి ఒక రోజు మీ ఒక్కరి వల్ల కాకుండా పోతుంది. ఇవి మూడు వేర్వేరు రకాల కష్టాలు. ఒకదాన్ని నెగ్గుకురావడం తెలిసినంత మాత్రాన ఇంకోటి తెలిసినట్టు కాదు. ఏళ్ల తరబడి ట్రీ పైథాన్లను కంటికి రెప్పలా చూసుకున్న మనిషికి కూడా 50 కిలోల పాము విసురుగా కదిలితే ఎలా పట్టుకోవాలో తెలియాలని ఏమీ లేదు. అయినా పట్టికలో మాత్రం అన్నీ ఒకే మెట్టు మీద కనిపిస్తాయి. మెట్టు అనుకున్నాక ఇక ఎక్కాలనిపిస్తుంది కదా, అక్కడే వస్తుంది అసలు చిక్కు.

అందుకని నేను చూసేవి రెండే. మనం చేసే పొరపాట్లను ఆ పాము ఎంతవరకు ఓర్చుకుంటుంది, పూర్తిగా ఎదిగాక దాన్ని మనం మోయగలమా. మిగతా రంగులు, రేర్ మార్ఫ్‌లు (అంటే జన్యువుల తేడా వల్ల అదే జాతిలో వేరే రంగు, మచ్చలతో పుట్టేవి), ఫోటోలో ఎలా పడుతుంది అన్నవన్నీ వీటి తర్వాతే.

మొదటి ప్రశ్న దగ్గర కార్న్ స్నేక్‌కి సాటి వచ్చేది లేదు, ఈ మాట మొహమాటం లేకుండా చెప్తాను. అమెరికా ఆగ్నేయ ప్రాంతాల పాము ఇది. చలి, ఎండ, వాన అన్నీ చూసే నేల దానిది. పెద్దదయ్యాక మూడు నుంచి ఐదు అడుగులు, చేతుల్లో ఇమిడిపోయే లావు. వెచ్చటి వైపు 29-30 డిగ్రీలు, చల్లటి వైపు 23-24 ఉంటే చాలు, తేమ కొంచెం అటూ ఇటూ అయినా పెద్దగా పట్టించుకోదు. తిండి దగ్గర పేచీ పెట్టడం అరుదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పెన్సిలంత లావు ఉండి మిమ్మల్ని చూసి భయంతో తోక గిలగిలా ఆడిస్తుంది, చేతిలోకి తీసుకుంటే కంపు కొట్టే ద్రవం వదులుతుంది, కరిచినా గీసుకున్నంత కూడా ఉండదు. కొన్ని నెలలకి అదే పాము మీ వేళ్ల మధ్యనుంచి తీరుబడిగా పాకుతూ ఉంటుంది.

దాని ఒకే ఒక్క దుర్గుణం పారిపోవడం. రాత్రి పూట లైట్లు ఆర్పాక కాసేపు కూర్చుని గమనించండి. మూత అంచు వెంబడి ముక్కుతో నొక్కుకుంటూ వెళ్తుంది, ఒక మూల కాగానే ఇంకో మూల, ఏ చోట మూత పిసరంత లేచిందో అక్కడ ఆగి మళ్లీ మళ్లీ పొడుస్తుంది. తల పట్టే సందు దొరికితే చాలు, మిగతా ఒళ్లంతా దాని వెనకే వచ్చేస్తుంది. మూత మీద పుస్తకాలు బరువు పెడితే సరిపోతుందనుకునేవాళ్లు ఉంటారు, సరిపోదు. క్లిప్పులో, తాళమో ఉండాలి. పాము పారిపోతే మొదట వెతకాల్సింది వెచ్చగా ఉండే చోట్లు, ఫ్రిజ్ వెనకాల, టీవీ కింద, అక్కడా లేకపోతే గోడ వారగా నేల మీద.

ఇప్పుడు బాల్ పైథాన్. దీన్ని మొదటి గడిలోంచి తీసేయాలని నా వాదన. ఇది వినగానే చాలామందికి కోపం వస్తుందని తెలుసు, ఎందుకంటే పాములు పెంచేవాళ్లలో చాలామంది మొదలుపెట్టింది దీనితోనే. స్వభావం చూస్తే నిజంగానే బంగారం. భయపడినా కరవడం అరుదు, తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది, ఆ పేరు అందుకే వచ్చింది. నిదానం, మందకొడి, నాలుగైదు అడుగులకి మించి పెరగడం అరుదు. చేతిలో పట్టుకోవడం ఒక్కటే పెంపకమైతే దీన్ని మించిన పాము లేదు. కానీ పెంపకమంటే చేతిలో పట్టుకునే ఆ పది నిమిషాలు కాదు, మిగతా ఇరవై మూడు గంటల చిల్లర.

దీని సొంత ఊరు పశ్చిమ, మధ్య ఆఫ్రికా. పగలంతా ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లో దాక్కుని ఉంటుంది. బొరియలో వెచ్చగా, చీకటిగా, తేమగా ఉంటుంది. అదే పామును నాలుగు వైపులా గాజు, పైన జాలీ మూత, నడినెత్తిన బల్బు ఉన్న పెట్టెలో పెడతాం. జాలీ లోంచి తేమంతా పోతుంది, కుబుసం ఒక్క ముక్కగా రాకుండా పేలికలు పేలికలుగా ఊడుతుంది, కంటి మీది పొర అలాగే అంటుకుపోతుంది. ఆ పొరని గోటితో గీకే ప్రయత్నం మాత్రం చేయకండి, కన్నే పోవచ్చు. తేమ పెంచి తర్వాతి కుబుసం దాకా ఆగడమో, పాముల సంగతి తెలిసిన వెట్‌కి చూపించడమో మేలు. తేమ 60-70 శాతం నిలవాలంటే జాలీ మూతని చాలావరకు మూసేయాలి, నీళ్లు పట్టే పొట్టు లోతుగా వేయాలి, వెచ్చటి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి బిగుతుగా ఉండే గూళ్లు పెట్టాలి. ఇదంతా అసాధ్యమేమీ కాదు. కానీ కార్న్ స్నేక్ ఇంత అడగదు.

అసలు టెన్షన్ తిండి దగ్గర. బాల్ పైథాన్ ఏ కారణమూ చెప్పకుండా తినడం మానేస్తుంది. పొడి కాలంలోనో, జత కట్టే కాలంలోనో నెలల తరబడి ఉపవాసం ఉండగలదు, ఆరోగ్యంగా ఉన్న పెద్ద పాముకి దానివల్ల ఏమీ కాదు కూడా. కొత్తగా పెంచుతున్న మనిషి పరిస్థితి ఆలోచించండి. మొదటి వారం ఎలుక వద్దంది. రెండో వారమూ వద్దంది. మూడో వారానికి ఇంటర్నెట్‌లో ఉన్న రోగాలన్నీ తన పాముకే ఉన్నాయనిపిస్తుంది. అప్పుడు మొదలవుతుంది కంగారు. రోజూ ఎలుక చూపించడం, పెట్టె మార్చడం, చోటు మార్చడం, బయటికి తీసి తీసి చూడటం. ఇవన్నీ కలిసి నిజంగానే దాన్ని తిననివ్వకుండా చేస్తాయి.

నా దగ్గరున్న మగ పాము ఏటా ఇదే నాటకం ఆడుతుంది. నేను చేసేది వంటింటి త్రాసులాంటి డిజిటల్ త్రాసు మీద ఒక డబ్బాలో పెట్టి బరువు రాసుకోవడం. బరువు నిలకడగా ఉంటే నేనూ నిలకడగా ఉంటాను. చెప్పుకోదగ్గంత తగ్గితేనో, ముక్కులోంచి చీమిడి, గురగుర శబ్దం, నోరు తెరుచుకుని ఊపిరి తీయడంలాంటివి కనిపిస్తేనో వెట్ దగ్గరికి. ఇంకో చిన్న సంగతి ఉంది. బాల్ పైథాన్ పెదవుల వెంట గుంటలుంటాయి, వాటితో అది వేడిని పసిగడుతుంది. కార్న్ స్నేక్‌కి ఇవి లేవు. ఫ్రీజర్‌లోంచి తీసి కరిగించిన ఎలుక గది వేడికే ఉంటే బాల్ పైథాన్ లెక్కలో అది ఎలుకే కాదు. కవర్లో పెట్టి వేడి నీళ్లలో ముంచి, తల దగ్గర కాస్త ఎక్కువ వెచ్చగా ఉండేలా చూసి, పొడవాటి పటకారుతో అందిస్తే వద్దన్న పామే మెరుపులా అందుకోవడం చాలాసార్లు చూశాను. మైక్రోవేవ్ జోలికి మాత్రం పోకూడదు. బయట చల్లగా, లోపల కుతకుతలాడుతూ వస్తుంది, పైగా పేలుతుంది. (ఆ తర్వాత ఆ మైక్రోవేవ్‌ని ఇంట్లో ఎవరూ ముట్టుకోరు, అది వేరే సంగతి.)

ఆయుష్షు సంగతీ ఉంది. ముప్పై ఏళ్లు బతకడం దీనికి మామూలే. అమెరికాలోని సెయింట్ లూయిస్ జూలో 1961 నుంచి ఉన్న ఒక ఆడ బాల్ పైథాన్ 2020లో ఏడు గుడ్లు పెట్టింది. అప్పటికి దానికి అరవై దాటి ఉంటుందని జూ వాళ్ల అంచనా, మగ పాము తోడు లేకుండా పదిహేనేళ్ల పైనే గడిచిందట. కాలేజీలో ఉండగా తెచ్చుకున్న పాము మీ పిల్లల కాలేజీ రోజుల దాకా మీతోనే ఉండే వీలుంది. పట్టికలో ఈ గడి ఎక్కడా కనపడదు.

మార్ఫ్‌ల గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. స్పైడర్ అనే అందమైన మార్ఫ్ ఉంది, గోధుమ రంగు మీద సన్నటి నల్ల గీతల వల. ఆ రంగు తెచ్చే జన్యువే లోపలి చెవి నిర్మాణాన్ని కూడా దెబ్బతీస్తుంది. తల వణకడం, మెలితిరగడం, ఎలుక మీదికి దూకితే గురి తప్పడం, కొన్నిట్లో తక్కువ, కొన్నిట్లో ఘోరం. అమ్మేవాళ్లు దీన్ని చిన్న ఊగిసలాట అంటారు. నేను కొనను, కొనమని చెప్పను.

కింగ్ స్నేక్‌లతో పెద్దగా తంటా లేదు. గట్టి పిండాలు, తిండిపోతులు. అడవిలో వేరే పాములని కూడా మింగేస్తాయి, రాటిల్ స్నేక్‌లాంటి విషప్పాముల విషాన్ని కూడా తట్టుకోగలవు. అంటే రెండింటిని ఒక పెట్టెలో పెడితే పొద్దున్నే ఒకటే ఉంటుంది. చేతికి ఎలుక వాసన అంటుకుని ఉంటే మీ వేలునే పట్టుకుని నములుతుంది, కసితో కాదు, ఆకలితో. చేతులు కడుక్కుని, హుక్‌తో వీపు మీద ఒకసారి తట్టి, ఇది భోజనం వేళ కాదని తెలియజేసి తీస్తే చాలు. మొదటి పాముగా రెండో ఓటు దీనికే.

హాగ్‌నోస్ వైపు ఈమధ్య అందరికీ మోజు పెరిగింది. మొదటి గడిలోకి నెమ్మదిగా తోసేస్తున్నారు దాన్ని. పైకి తిరిగిన ముక్కు, పొట్టి ఒళ్లు, బోలెడంత నాటకం. మెడ వెడల్పు చేసి బుసలు కొడుతుంది, నోరు మూసుకునే ముక్కుతో పొడుస్తుంది, ఏదీ పనిచేయకపోతే వెల్లకిలా తిరిగి నాలుక బయట పెట్టి చచ్చినట్టు పడిపోతుంది, మీరు బోర్లా తిప్పితే మళ్లీ వెల్లకిలా తిరిగి తాను చచ్చిపోయానని గట్టిగా నిరూపించుకుంటుంది. ఇంతవరకు సరదాగానే ఉంటుంది. కానీ పిల్లగా ఉన్నప్పుడు చాలావాటికి ఎలుక తిండే అని తెలియదు, కప్పలు తినే జాతి మరి. ఎలుకకి కప్ప వాసనో, చేప వాసనో పూసి బతిమాలాల్సి వస్తుంది. పైగా దీనికి నోటి వెనక భాగంలో కోరలు, కాస్త విషం ఉన్నాయి. పట్టుకుని నమలనిస్తే చెయ్యి వాచిపోతుంది, కొందరికి ఎక్కువగా వాస్తుంది. ప్రాణం మీదికి వచ్చేది కాదు, కానీ ఆ సంగతి కొనేముందు చెప్పాలి కదా, చాలాచోట్ల చెప్పరు.

రెండో గడిలోని బోవా కన్‌స్ట్రిక్టర్ విషయంలో పట్టికతో నాకు గొడవ లేదు, కాకపోతే కారణం వేరు. స్వభావంలో, తిండిలో బోవా చాలా బాల్ పైథాన్‌ల కన్నా సులువు. కాస్త ఓపిక ఉన్న కొత్త మనిషి కూడా పిల్ల బోవాని హాయిగా పెంచగలడు. ఇబ్బందల్లా ఆరో అడుగు దాటాకే. ఆడ పాము ఏడెనిమిది అడుగులు పెరగడం సహజం, అప్పుడు దానికి కావాల్సింది పెట్టె కాదు, గదిలో ఒక గోడంత జాగా. ఇల్లు మారితే దాన్నీ మార్చాలి, మీరు ఊరెళ్తే చూసుకునే మనిషి ఉండాలి. కనుక బోవాకి కావాల్సిన అనుభవం పాములతో కాదు, మీ జీవితంతో. రాబోయే పాతికేళ్లు ఎక్కడ, ఎవరితో ఉంటారో కాస్తయినా అంచనా ఉన్నవాళ్లు తీసుకోవాలి. ఇంట్లో ఇప్పటికే పాములుంటే కొత్తదాన్ని వేరే గదిలో కొన్ని నెలలు విడిగా ఉంచాలి. బోవాలకీ పైథాన్‌లకీ వచ్చే ఇన్‌క్లూజన్ బాడీ డిసీజ్ అనే అంటు జబ్బుకి మందు లేదు, రోగం ఉన్న బోవా చాలాకాలం పైకి బాగానే కనపడుతుంది.

ఇక గ్రీన్ ట్రీ పైథాన్. న్యూగినీ, చుట్టుపక్కల దీవులు, ఆస్ట్రేలియా ఉత్తరపు కొస దీని చోటు. పిల్లలు పసుపు రంగులోనో ఇటుక ఎరుపులోనో పుట్టి తర్వాత ఆకుపచ్చగా మారతాయి. కొమ్మకి అటూ ఇటూ ఒళ్లు వేలాడేసి, మధ్యలో తల పెట్టుకుని పగలంతా కదలకుండా ఉంటుంది. దక్షిణ అమెరికాలోని ఎమరాల్డ్ ట్రీ బోవా వేరే కుటుంబంలోది, దీనికి వేల మైళ్ల దూరంలో ఉంటుంది, అయినా అచ్చం ఇలాగే ఉంటుంది, ఇలాగే పడుకుంటుంది. ప్రకృతిలో ఇంత ముచ్చటైన సంగతులు తక్కువ. పెంచడం మాత్రం వేరే లోకం. తేమ పెరగాలి, మళ్లీ ఆరాలి. ఎప్పుడూ తడిగా ఉంటే ఊపిరితిత్తుల జబ్బు, ఎప్పుడూ పొడిగా ఉంటే కుబుసం చిక్కు. కొమ్మ నుంచి లాగి తీస్తే, ముఖ్యంగా పిల్లల్లో, తోక, వెన్ను దెబ్బతింటాయి. తీయాల్సి వస్తే కొమ్మతో సహా తీయడం మేలు. ఇది చూసి ఆనందించే పాము, చేతుల్లో తిప్పుకునేది కాదు. ఆ తేడా ఒప్పుకోలేని మనిషికి ఎంత అనుభవమున్నా ఇది నప్పదు.

పెద్ద పైథాన్‌ల దగ్గర నేను మరీ మొండిగా ఉంటాను. గుడ్డులోంచి వచ్చినప్పుడు బర్మీస్ పైథాన్ రెండడుగులకి కాస్త అటూ ఇటూ ఉంటుంది, సాధు స్వభావం, ముద్దొస్తుంది. బాగా తినిపిస్తే కొన్నేళ్లలో పది పన్నెండు అడుగులు దాటేస్తుంది. ఆ సైజు పాముని ఒంటరిగా పెట్టెలోంచి తీయకూడదు, పక్కన ఇంకో పెద్దమనిషి ఉండి తీరాలి. ఆ రెండో మనిషి అవసరాన్ని అనుభవంతో తగ్గించలేం. ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో ఈ పాములు స్థిరపడిపోయాయని 2000 నాటికే తేలింది, పెంపుడు పాముల వ్యాపారం ద్వారా వచ్చినవే వాటికి మూలం. 2023లో ఆ ప్రాంతంలో పట్టుకున్న ఒకటి 19 అడుగులుంది. అమెరికా ప్రభుత్వం 2012లో బర్మీస్‌తో పాటు మరికొన్ని పెద్ద పాముల దిగుమతిని, 2015లో రెటిక్యులేటెడ్ పైథాన్ దిగుమతిని కూడా ఆపేసింది. వాటిని కొన్నవాళ్లంతా దుర్మార్గులు కారు. వాళ్లలో చాలామంది పిల్ల పామును చూసి కొన్నారు, అంతే.

విషప్పాముల గురించి రోజూ ఎవరో ఒకరు అడుగుతారు, ఎన్నేళ్ల అనుభవం తర్వాత మొదలుపెట్టొచ్చు అని. ఇంట్లో అయితే ఎన్నేళ్ల తర్వాతా వద్దు. కార్ల్ ష్మిట్ షికాగో ఫీల్డ్ మ్యూజియంలో పేరుమోసిన పాముల శాస్త్రవేత్త. 1957లో ఆయన్ని బూమ్‌స్లాంగ్ అనే ఆఫ్రికా విషప్పాము పిల్ల ఒకటి కరిచింది. వెనక కోరల పాము, పైగా పిల్ల, ఏం కాదులే అనుకున్నారు. లక్షణాలన్నీ వరసగా రాసుకుంటూ కూర్చున్నారు, మర్నాటికి చనిపోయారు. జర్మనీకి చెందిన రాబర్ట్ మెర్టెన్స్ అంతకన్నా పెద్ద పేరు. 1975లో తాను పెంచుకుంటున్న ట్విగ్ స్నేక్‌కి (ఇదీ ఆఫ్రికాలోని వెనక కోరల విషప్పామే) తిండి పెడుతుండగా అది కరిచి, రెండు వారాల పైగా నరకయాతన పడి పోయారు. పాములతో అనుభవం అంటే వీళ్ల కన్నా ఎక్కువ ఎవరికుంది? ఆ అనుభవం కాటు పడే అవకాశాన్ని తగ్గిస్తుందేమో కానీ, పడ్డాక విషాన్ని పలచన చేయదు. ఆ పాముకి పనిచేసే విరుగుడు మీ దగ్గరలోని ఆసుపత్రిలో ఉందా అన్న ప్రశ్నకి మీ ఏళ్ల లెక్కతో పనే లేదు.

ఎలుకను ఫ్రీజర్‌లో పెట్టడమే ఇష్టం లేనివాళ్లు గుడ్లు మాత్రమే తినే ఆఫ్రికన్ ఎగ్ ఈటర్ గురించి ఆశగా అడుగుతారు. గుడ్డుని నోట్లోకి తీసుకుని, లోపల వెన్నెముక మీది ముళ్లతో పగలగొట్టి, సొన తాగి, పెంకుని నలిపి ఉమ్మేస్తుంది, చూడటానికి భలేగా ఉంటుంది. కాకపోతే పిల్లలకి ఫించ్ గుడ్లంత చిన్నవి కావాలి, అవి ఏడాది పొడవునా దొరకాలి. దొరకకపోతే వేరే ఏదీ తినదు. వాళ్లకి నేను చెప్పేది గార్టర్ స్నేక్. పగలు చురుగ్గా తిరుగుతుంది, వానపాములు, చేపముక్కలు తింటుంది. కొన్ని రకాల చేపల్లో విటమిన్ బి1ని నాశనం చేసే పదార్థం ఉంటుంది కాబట్టి ఏ చేప పెట్టాలో ముందే తెలుసుకోవాలి. అయితే పామును పెంచాలనుకుంటూ దాని భోజనాన్ని చూడలేకపోతే, పామే వద్దనుకోవడం కూడా మర్యాదైన నిర్ణయమే.

ఏ జాతి అని తేల్చుకున్నాక కూడా పిల్లనే కొనాలని లేదు. పెంచలేక ఎవరో వదులుకున్న ఐదారేళ్ల కార్న్ స్నేక్, పెద్దదైపోయిన బాల్ పైథాన్ ఎక్కడో అక్కడ చోటు కోసం చూస్తూనే ఉంటాయి. పెద్ద పాము సైజు మీ కళ్లెదుటే ఉంటుంది, ఎంత లావెక్కుతుందో ఊహించుకోనక్కర్లేదు. స్వభావం తెలిసిపోతుంది. అడవిలోంచి పట్టి తెచ్చినది కాదని, మీరున్న చోట చట్టం ఒప్పుకుంటుందని ముందే రూఢి చేసుకోండి. ఇంట్లో ఐదేళ్ల లోపు పిల్లలుంటే పాముల నుంచి సోకే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా గురించి డాక్టర్ని అడగండి. పెట్టె ముందుగా తెచ్చి, థర్మోస్టాట్ పెట్టి, వారం పాటు ఖాళీ పెట్టెలోనే వేడి నిలబడుతోందా అని చూడండి. ఆ తర్వాత అమ్మే మనిషిని లేదా ఇచ్చే మనిషిని ఒక్కటే అడగండి, మీ ముందు దానికి ఒకసారి తిండి పెట్టమని. తినకపోతే మళ్లీ వారం వెళ్లండి. సాకులు చెప్తుంటే ఆ పామును అక్కడే వదిలేసి రండి.